దట్టపు అడవికి ఏ తూటా?

కుంఠా నాకాలో తుపాకి సంగతి ఎవరికి కావాలని పాఠకులు ముందే అడుగుతారు. నిజమే. ఇక్కడ మనకు తెలిసిన చప్పుడు మగ్గాల చప్పుడే, తెలిసిన లెక్క నూలు నంబరు లెక్కే. అడవి చూద్దామన్నా షోలాపురం చుట్టూ దట్టమైన అడవి లేదు. నాన్నజ్ దగ్గర గడ్డిబీళ్ళు, వాటిలో తిరిగే కృష్ణజింకలు, బట్టమేక పిట్ట కోసం 1979లో ఏర్పరచిన అభయారణ్యం, అంతే. అయినా ఈ వ్యాసం రాయవలసిన కారణం మా గడప దగ్గరికే వచ్చింది.

మా చెల్లెలి కొడుకు అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్నాడు. పక్కింటి పెద్దాయన ఒకరు వాణ్ణి జింకల వేటకు రమ్మని పిలిచారట. తన వద్ద రెండు మీట తుపాకులు ఉన్నవనీ, ఏది నచ్చితే అది తీసుకోమనీ అన్నారట. ఒకటి 30-30, రెండవది 45-70. వాడు నాకు ఫోను చేసి, "మామా, పులివేట పుస్తకాలన్నీ చదివినవు గద, దగ్గరి అడవికి ఏ తూటా మంచిదో చెప్పు" అన్నాడు. వాడు ఫోను పెట్టిన గంటకు మా చెల్లె వచ్చి కూర్చున్నది. "అన్నా, వాడు తుపాకి పడతడట. నువ్వన్న వద్దని చెప్పు" అన్నది.

ఇద్దరికీ సరిపోయే జవాబు చెప్పడం సులభం కాదు. నేను తుపాకి పేల్చినవాణ్ణి కాను. కాని తుపాకి పేల్చినవాడు చేసిన పొరపాటుకు ఎవరు బాకీ పడతారో చిన్నప్పుడే విన్నాను. అక్కడినుంచే మొదలుపెడతాను.

మా నాయన అచ్చంపేట దిక్కునుంచి షోలాపురానికి వచ్చినవాడు. నల్లమల అడవి అంచున పుట్టినవాడు గనుక పిల్లవాడుగా ఉన్నప్పుడు దొరల వేటలకు హాకా కొట్టడానికి పోయేవాడు. ఊళ్ళోవాళ్ళు వరుసకట్టి డప్పులు, డబ్బాలు కొడుతూ అడవిలోని జంతువులను తరుముకు వస్తే, దొరలు మంచెలమీద కూర్చుని కాల్చేవారు. ఒకసారి ఒక అతిథి చిరుతపులిని కాల్చాడు. అతని చేతిలో ఉన్నది సన్నగొట్టపు తుపాకి, తేలికపాటి గుండు. చిరుత పడలేదు. నాలుగు రక్తపు చుక్కలు ఆకులమీద విడిచి పొదల్లోకి పోయింది. పొద్దుగూకింది. అతిథి మరునాడు బండెక్కి వెళ్ళిపోయాడు. ఎవరూ ఆ జాడపట్టి వెళ్ళలేదు.

మూడవనాడు కట్టెలకు పోయిన ఒక సాలె ఆయన ఆ పొద పక్కగా నడిచాడు. ప్రాణం దక్కింది గాని కుడిచెయ్యి పోయింది. మా నాయన ఈ కథ చెప్పినప్పుడల్లా చివర ఒకేమాట అనేవాడు: "దొర తూటా కొన్నది అణాలు పోసి. దాని బాకీ మాత్రం మా ఊరు కట్టింది." చెయ్యి లేని నేతగాని బతుకేమిటో కుంఠా నాకాలో నేను విడమరచి చెప్పనక్కరలేదు.

ఇది ఒక్క ఊరి సంగతి కాదు. కుమావూ కొండల్లో జిమ్ కార్బెట్ 1907లో చంపిన చంపావత్ ఆడపులి నేపాళంలోను, కుమావూలోను కలిపి 436 మందిని పొట్టబెట్టుకున్నదని ఆయన రాశాడు. ఆ పులి చచ్చిన తరవాత నోరు తెరిచి చూస్తే కుడివైపు కోరలు పైదీ కిందదీ విరిగి ఉన్నవి. ఎప్పుడో ఎవరో కాల్చిన తుపాకి దెబ్బ అది. కోరలు లేని పులి తన సహజమైన వేట ఆడలేక మనుషులమీద పడ్డది. ఆ గుండు కాల్చిన మనిషి ఎవరో లోకానికి తెలియదు. కాబట్టి ఏ తూటా మంచిదనే ప్రశ్నను నేను ఇలా తిప్పి అడుగుతాను: ఏ తూటా గాయపడిన జంతువును అడవిలో వదిలిపెట్టదు?

దగ్గరి అడవిలో ఈ ప్రశ్నకు జవాబు వెతికినవారిలో మనవైపు పుట్టిన మనిషి ఒకడున్నాడు. కెన్నెత్ ఆండర్సన్ 1910లో సికింద్రాబాదు పక్కన బొల్లారంలో పుట్టాడు. బెంగుళూరులో స్థిరపడి, మైసూరు, సేలం, చిత్తూరు అడవుల్లో మనుషులను తినే పులులను, చిరుతలను వేటాడి, 1954 మొదలు వరసగా పుస్తకాలు రాశాడు. ఆయన పులికథల్లో అప్పటి చిత్తూరు జిల్లాలోని చామల లోయ, మామండూరు అడవులు వస్తాయి. మామండూరు మనకు కొత్త ఊరు కాదు. షోలాపురంలో రైలెక్కి, వాడి, రాయచూరు, గుంతకల్లు, కడప మీదుగా తిరుపతికి పోయేవారు కోడూరు దాటిన తరవాత కిటికీలోనుంచి చూస్తే బాలపల్లె, మామండూరు స్టేషన్లు వస్తాయి. ఆ పిమ్మట రేణిగుంట. గోవింద నామం చెప్పుకుంటూ మనం దాటిపోయే ఆ కొండల్లోనే ఆండర్సన్ రాత్రులు కాపలా కాశాడు.

ఆయన చేతిలోది వించెస్టరు కంపెనీవారి 1895 నమూనా మీట తుపాకి, తూటా.405. ఆ తూటా 1904లో పుట్టింది. అమెరికా అధ్యక్షపదవి దిగిన రూజ్వెల్టు 1909లో ఆఫ్రికా వేటకు వెళ్ళినప్పుడు సింహాలకోసం మెచ్చి వాడినదీ అదే. ఏనుగులకు, ఖడ్గమృగాలకు మాత్రం అంతకంటె బరువైన జోడుగొట్టాల తుపాకి వేరుగా ఉంచుకున్నాడు. సింహానికి చాలినది ఏనుగుకు చాలదు. ముందు జంతువు, ఆ తరవాతనే తూటా.

మీట తుపాకి అంటే ఏమిటో తెలియనివారికి రెండు మాటలు. తుపాకి మీట కింద వేళ్ళు దూర్చే ఇనుప కడియం ఉంటుంది. దానిని కిందికి తోస్తే కాలిన తూటా బయటికి ఎగిరిపోతుంది. మళ్ళీ పైకి లాగితే కొత్త తూటా గొట్టంలోకి ఎక్కుతుంది. తుపాకిని భుజంమీదనుంచి దించకుండానే రెండవ దెబ్బ కొట్టవచ్చు. అడవిలో జంతువు కనిపించేది ముప్ఫై, నలభై గజాల దూరంలో, అదీ రెండు క్షణాలు. అందుకనే దట్టపు అడవుల వేటగాళ్ళకు ఇది నచ్చింది. జాన్ బ్రౌనింగ్ అనే ఆయన రూపొందించిన 1894 నమూనా ఒక్కటే 70 లక్షలకు పైగా అమ్ముడుపోయింది.

ఇక పేర్లు. తూటాల పేర్లు చూసి భయపడనక్కరలేదు. నూలు నంబరు తెలిసినవారికి ఇవి ఎంతసేపు? ఒక పౌను బరువుకు 840 గజాల చిలపలు ఎన్ని తూగితే అది నూలు నంబరు. నంబరు పెరిగినకొద్దీ నూలు సన్నం. పక్షులను కొట్టే 12 బోరు తుపాకి లెక్కా అలాంటిదే. పౌను సీసంతో ఆ గొట్టంలో పట్టే గుండ్లు పన్నెండు చేయవచ్చు గనుక దానిని 12 బోరు అన్నారు. 20 బోరు దానికంటె సన్నం. రైఫిలు లెక్క మాత్రం తలకిందులు. అక్కడ అంకె పెరిగితే లావు పెరుగుతుంది. 30 అంటే అంగుళాన్ని నూరు పాళ్ళు చేస్తే అందులో 30 పాళ్ళు, 45 అంటే 45 పాళ్ళు. 30-30లో రెండవ 30 అనేది అందులో మొదట పోసిన పొగలేని మందు తూకం, 30 గ్రెయిన్లు. 45-70లో 70 అనేది నల్లమందు తూకం. ఈ 45-70 అమెరికా సైన్యానికి 1873లో పుట్టినది. 30-30 వచ్చింది 1895లో.

గుండు బరువుకూడా గ్రెయిన్లలోనే చెబుతారు. పాత తులం సరిగ్గా 180 గ్రెయిన్లు. (ఇప్పటి బంగారు దుకాణంలో 10 గ్రాములను తులం అంటున్నారు, అది కాదు. పాతది 11.66 గ్రాములు.) ఆ తూకాన 30-30లో వాడే 170 గ్రెయిన్ల గుండు తులానికి కాస్త తక్కువ. ఆండర్సన్ .405లో 300 గ్రెయిన్ల గుండు, అంటే తులంమీద మూడింట రెండు వంతులు. 45-70 పాత గుండు 405 గ్రెయిన్లు, అంటే రెండుంబావు తులాలు.

వేగం చూడండి. 30-30, .405 రెండూ గొట్టం దాటేటప్పుడు సెకనుకు సుమారు 2200 అడుగులు పోతాయి. వేగం ఒకటే అయినా బరువు తేడా వల్ల మొదటిదాని శక్తి సుమారు 1800 అడుగు-పౌనులు, రెండవదానిది 3200. పాత 45-70 సెకనుకు 1300 అడుగుల చిల్లర మాత్రమే పోతుంది. శక్తి లెక్కకట్టితే 30-30 కంటె కొంచెం తక్కువే వస్తుంది! అయినా ఆ బరువైన గుండు మెల్లగా వెళ్ళి లోతుగా దిగుతుంది. కాబట్టి కాగితంమీది ఒక్క అంకె చూసి తూటాను ఎన్నుకోరాదు. అంకె పెద్దదని నూలు మంచిదవుతుందా?

దూరాన్ని గురించి కూడా ఒక మాట. మైదానంలో, కొండలమీద మూడువందల గజాల దూరాన నిలబడిన జంతువుకు సన్నని, మొనదేలిన, వేగవంతమైన గుండు కావాలి. లేకపోతే అది పోయేసరికి కిందికి వాలిపోతుంది. దట్టపు అడవిలో ఆ అవసరమే లేదు. నూరు గజాల లోపల గుండు వాలడమన్నది దాదాపు లెక్కలోకి రాదు. కావలసినది, లావుగా, బరువుగా ఉండి, తగిలినచోట తన బలాన్ని అంతా దింపే గుండు. ఆండర్సన్ మంచెమీద కూర్చుని, గొట్టానికి కట్టిన టార్చిలైటు వెలుతురులో కొట్టే దెబ్బకు దూరం సంగతి అక్కరలేదు. పులి మళ్ళీ లేవకుండా ఉంటే చాలు.

మీట తుపాకిలో మరొక చిక్కు ఉన్నది, కొత్తవారు దీనిని మరిచిపోరాదు. చాలా నమూనాలలో తూటాలు గొట్టం కింద ఇంకొక సన్నని గొట్టంలో ఒకదాని వెనుక ఒకటి పడుకుంటాయి. వెనుక తూటా మొన ముందు తూటా అడుగున ఉన్న టోపీకి ఆని ఉంటుంది. మొనదేలిన ఇనుప తొడుగు గుండు వేస్తే, అదటుకు అది సూదిలా గుచ్చుకుని గొట్టంలోనే పేలవచ్చు. అందుకనే వాటిలో చదునుమొన గుండ్లు వేస్తారు. ఇటీవల మెత్తని రబ్బరువంటి మొనతో కూడిన గుండ్లు కూడా వచ్చాయి. ఆండర్సన్ 1895 నమూనాలో తూటాలు పెట్టెలో ఒకదానిమీద ఒకటి ఉంటాయి గనుక దానికి ఈ భయం లేదు.

ఇంకొక అపోహ. బరువైన గుండు కొమ్మలను, రెల్లుగడ్డిని చీల్చుకుని తిన్నగా పోతుందని వేటగాళ్ళు చాలామంది నమ్ముతారు. అమెరికాలో కర్రలు, కొమ్మలు అడ్డుపెట్టి ఎన్నోసార్లు పరీక్షించి చూశారు. ఏ గుండైనా పుల్ల తగిలితే దారి తప్పుతుంది. కొన్ని ఎక్కువ, కొన్ని తక్కువ. మగ్గంలో నాడె ఎంత వేగంగా, ఎంత బరువుగా పోతున్నా, తెగి వేలాడే ఒక్క పడుగుపోగు తగిలితే ఎటు ఎగురుతుందో మనకు తెలుసు. నాడె ఎగిరి తగిలిన మచ్చలు మన వీధిలో ఎందరి నుదుళ్ళమీద లేవు? అడవిలో దీనికి మందు పెద్ద తూటా కాదు. కొమ్మలమధ్య సందు కనిపించేదాకా ఆగడం, కనిపించకపోతే కాల్చకపోవడం.

గుండు కట్టుబడి మూడవది. మొన దగ్గర సీసం బయటికి కనిపించే మెత్తమొన గుండు తగలగానే పుట్టగొడుగులా విచ్చుకుని, జింక, పులి వంటి పలుచని తోలు జంతువులను త్వరగా పడవేస్తుంది. నిండా తొడుగున్న గట్టి గుండు విచ్చుకోక దూసుకుపోతుంది. అది ఏనుగువంటి దళసరి తోలుకు. గట్టి గుండుతో జింకను కొడితే సన్నని రంధ్రం చేసి అవతలికి పోతుంది. జింక మైలు దూరం పరుగెత్తి ఏ పొదలోనో రెండు రోజులకు చస్తుంది. తూటా పెట్టెమీద అంకె ఒకటే అయినా లోపలి గుండు వేరని దీనివల్ల తెలుసుకోవాలి.

నాలుగవది, అన్నిటికంటె పెద్దది, కాల్చేవాని భుజం. పెద్ద తూటా తుపాకి మడమతో భుజాన్ని గుద్దుతుంది. .405 గుద్దు ఎరిగినవారు దానిని మరిచిపోరు. ఇప్పటి బలమైన 45-70 తూటాల గుద్దు 30-30 కంటె రెండింతలకు పైమాటే. కొత్తవాడు రెండు దెబ్బలు తిన్న తరవాత మూడవసారి మీట నొక్కకముందే కళ్ళు మూసుకుంటాడు, భుజం వెనక్కి లాగుకుంటాడు. గురి తప్పుతుంది. గుండె, ఊపిరితిత్తులు ఉండే ముందుకాలి వెనుక భాగానికి తగలవలసినది పొట్టకు తగులుతుంది. అంటే పెద్ద తూటాయే గాయపడ్డ జంతువును అడవిలో వదిలిపెట్టింది! ఆండర్సన్‌కు .405 సరిపోయిందంటే అది ఆ తూటా గొప్ప మాత్రమే కాదు. ఆ భుజానికి ఆ గుద్దు ఏళ్ళ తరబడి అలవాటు.

ఇంత చదివి మన కుర్రవాళ్ళెవరైనా నల్లమలకు బయలుదేరుతారేమోనని ఒక హెచ్చరిక. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1991లో చేసిన సవరణ తరవాత సరదా వేటకు చోటు లేదు. మనుషుల ప్రాణాలకు ముప్పు తెచ్చే జంతువును కూడా పట్టుకోవడానికి, మత్తుమందిచ్చి తరలించడానికి వీలులేదని తేలిన తరవాతనే, రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి వ్రాతపూర్వకంగా అనుమతిస్తేనే వేటాడాలి. ఆండర్సన్ తిరిగిన తిరుపతి కొండల అడవులు 1989నుంచి శ్రీ వేంకటేశ్వర జాతీయోద్యానం. 2023 ఆగస్టులో తిరుమల కాలినడక దారిలో ఆరేళ్ళ పాపను చిరుతపులి ఎత్తుకుపోయి చంపినప్పుడు ఎవరూ తుపాకి పట్టుకుని పొదల్లోకి దూరలేదు. అటవీశాఖవారు కెమెరాలు కట్టి, బోనులు పెట్టి చిరుతలను పట్టారు. నడిచిపోయే భక్తుల చేతికి దేవస్థానంవారు కర్రలిచ్చారు. ఒకనాడు తూటా చేసిన పనిని ఈనాడు బోను చేస్తున్నది. భావనారుషికి వాహనమైన జంతువును పులిగానే బతకనివ్వడం పద్మశాలీలమైన మనకు ఇష్టమైన సంగతే గదా.

అమెరికా సంగతి వేరు. అక్కడ జింకలు విస్తారంగా పెరిగి పంటలు, తోటలు మేస్తాయి గనుక ఏటా లెక్కకట్టి, రోజులు నిర్ణయించి వేటకు లైసెన్సులు ఇస్తారు. మొదటిసారి లైసెన్సు తీసుకునేవారు శిక్షణ తరగతి పూర్తిచేయాలి. పెన్సిల్వేనియాలో తుపాకితో జింకవేటకు పోయేవారు తల, రొమ్ము, వీపు కలిపి 250 చదరపు అంగుళాల మెరిసే నారింజరంగు బట్ట వేసుకోవాలి, ఇంకొక వేటగాడు జింక అనుకుని కాల్చకుండా. ఉద్యోగపు వీసాలమీద ఉన్న మనవాళ్ళు మరొకటి గుర్తుంచుకోవాలి. అలాంటివారు తుపాకి, తూటాలు దగ్గర ఉంచుకోవడం అక్కడి కేంద్ర చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవారికి మాత్రం మినహాయింపు ఉన్నది. పక్కింటాయన స్నేహంగా చేతికిచ్చినా చట్టం చట్టమే.

మేనల్లుడికి నేను చెప్పిన జవాబు ఇది. "30-30 తీసుకో. తెల్లతోక జింకకు, నూరు గజాల లోపు, తులం తక్కువ గుండు చాలు. మెత్తమొన, చదునుమొన చూసుకో. ముందు లైసెన్సు, శిక్షణ. ఆ తరవాత కాగితపు గురిమీద యాభై గజాల దూరాన పదికి పది అరచేతి వెడల్పులో పడేదాకా అడవికి పోవద్దు. కొమ్మ అడ్డమొస్తే కాల్చవద్దు. కాల్చినావా, చీకటిపడినా వాన కురిసినా జాడ పట్టుకుని చివరిదాకా పోవాలె. ఈ మాట ఇయ్యలేకపోతే పక్కింటాయనకు దండంపెట్టి ఇంట్లనే ఉండు." మా నాయన చెప్పిన కథకూడా వాడికి చెప్పాను. వాడికి అది అంతకుముందు తెలియదు.

చెల్లె పక్కనే కూర్చుని అంతా విన్నది. వద్దని చెప్పలేదని నామీద కోపమే. "చెయ్యి పోయిన మనిషి కథ విన్న తరవాత వాడు తొందరపడి కాల్చడులే" అన్నాను. ఆమె మాట్లాడలేదు.

శిక్షణ, లైసెన్సు పూర్తిచేసి, నాలుగు ఆదివారాలు గురి అభ్యాసం చేసి వాడు వేటకు వెళ్ళాడు. మధ్యాహ్నానికి ఒక జింక అరవై గజాల దూరంలోకి వచ్చిందట. దాని రొమ్ముకు అడ్డంగా బొటనవేలంత కొమ్మ. అది కదులుతుందేమోనని చూశాడు. జింక కదిలింది గాని చెట్లలోకి కదిలింది. తూటా తూటాగానే ఇంటికి వచ్చింది. పక్కింటాయన ఏమన్నాడని అడిగాను. "ఏమనలేదు మామా, కాఫీ పోసిచ్చిండు. వచ్చే ఏడు మళ్ళ రమ్మన్నడు" అన్నాడు.

ఈ కబురు చెల్లెకు చెప్పినాను. ఆమె మొహం కొంచెం విప్పారింది. "వచ్చే ఏటి సంగతి వచ్చే ఏడు చూద్దాం" అని, టీ పెట్టడానికి లోపలికి పోయింది.